ఫైబర్ తొడుగు పాత నావను కాపాడదు

పాత చెక్క నావను బాగు చేయించి పిల్లలకు తెరచాప నేర్పుదామనుకునే ప్రతివారూ నన్ను ముందు అడిగేది ఇదే: "పైన ఫైబర్ వేయించేస్తే ఇక నీరు కారదు కదండీ?" కళింగపట్నంలో అడిగారు, భావనపాడులో అడిగారు, మొన్న ముక్కాంలోనూ అడిగారు. రేవులో ఎటు చూసినా ఫైబర్ బోట్లే కనిపిస్తుంటే అలా అనిపించడం సహజమే. కానీ పూర్తిగా ఫైబర్‌తో చేసిన బోటు వేరు, పాత పలకల మీద వేసిన తొడుగు వేరు.

పలక తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఫైబర్ దానితో పాటు కదలదు, ఎక్కడో ఒకచోట పట్టు వదిలేస్తుంది. పైన పడిన వాన నీరు లోపలి నుంచి దిగి ఆ సందులో చేరుతుంది. ఆరే దారి లేక చెక్క అక్కడే కుళ్లుతుంది.

ఒకసారి మూడేళ్ల కిందట తొడుగు వేసిన నావ చూడమని పిలిచారు. దాని యజమాని పెద్దాయన. ఆ నావ వాళ్ల నాన్న చేయించినది. "ఏటి బాబూ, అద్దంలా ఉంది కదా" అన్నారు. సుత్తితో తట్టాను. మంచి చెక్క ఖంగుమంటుంది. ఇది తడి గోనె మీద కొట్టినట్టు పలికింది. తొడుగు అంచున స్క్రూడ్రైవర్ ఆనించి నొక్కితే పిడి దాకా దిగిపోయింది. బయటికి తీస్తే కొసన నల్లటి ముద్ద, పుట్టగొడుగుల వాసన. ముందే పిలిచి ఉంటే ఏడెనిమిది పలకలు మార్చి, సందుల్లో దూది దట్టిస్తే సరిపోయేది. ఆయన పలక మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే నిలబడ్డారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

ఉప్పునీరే చెక్కను కుళ్లబెడుతుందన్నది మరో పుకారు. కుళ్లబెట్టేది వాన నీరు. ఉప్పు కుళ్లును ఆపుతుంది కాబట్టే పూర్వం అమెరికాలో ఓడల చట్రంలో ఉప్పు దట్టించేవారు. సముద్రంలో అసలు భయం చెక్కను తొలిచే పురుగుతో, దాన్ని అడ్డుకోవడానికి మందు కలిపిన రంగు ఉంది. పలకలు మారిస్తే పాత నావ కాదంటారు. 1797లో నీట దిగిన అమెరికా యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్‌లో అసలు కలప మిగిలింది పదీ పదిహేను శాతమే, దాన్ని ఎవరూ కొత్త ఓడ అనరు. తెరచాప శిక్షణ నేవీ వాళ్లకే అనుకోవడమూ తప్పే.

ఫైబర్ వైపు తోసేది నీరు కారుతుందన్న భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. నెలల తరబడి ఒడ్డున ఎండిన నావను దించితే మొదటి రాత్రి కారి తీరుతుంది. దించే ముందు లోపల తడి గోనెలు పరిచినా కొంత కారుతుంది. వంశధార మొగలో మేం ఒకదాన్ని దించిన రాత్రి, పిల్లల్ని తీసుకొచ్చిన మాస్టారికి ఒకటే టెన్షన్, "మునిగిపోతుందేమో అన్నా" అంటూ పది సార్లు లేచారు. పంపు ఉన్నా పిల్లలు వంతులేసుకుని బకెట్లతో తోడారు, లెక్క సుద్దతో పలక మీద రాశారు. మొదటి రాత్రి 62. రెండో రాత్రి 19. మూడో రాత్రి పలకలు బిగుసుకున్నాయి: 3.