తోలు ఒలిచిన మైనపు మనిషి

2020 లాక్‌డౌన్‌లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం మూతపడినప్పుడు, ఎండాకాలపు వేడికి పాడవుతుందేమోనన్న భయంతో ఒక ముదురు ఎరుపు మైనపు బొమ్మను చల్లటి గదికి మార్చారు. జానెడు పొడవు కూడా లేని ఆ బొమ్మ, పోప్ రెండో జూలియస్ సమాధి కోసం మైకెలాంజెలో తలపెట్టిన బానిస విగ్రహాల్లో ఒకదానికి నమూనా. కొన్ని నెలల తర్వాత చూస్తే దాని పిరుదు మీద ఒక వేలిముద్ర బయటపడింది. మైకెలాంజెలోదే కావచ్చన్నారు. అలా ముద్రను 500 ఏళ్లు పట్టి ఉంచే గుణం మైనానిది. ఆనాటి శిల్పులు శరీరం నేర్చుకోవడానికి దాన్ని ఎంచుకోవడం వెనుక గట్టి కారణాలున్నాయి.

మట్టి ఆరితే కుదించుకుపోతుంది, పగులుతుంది. పని సాగినన్నాళ్లూ తడిగుడ్డ కప్పి ఉంచాలి. మైనానికి ఆ బాధ లేదు. ఆరు నెలల తర్వాత వచ్చినా కాస్త వేడి తగిలిస్తే పాతదానికి కొత్తది అతుక్కుంటుంది. అయితే తేనెమైనం ఒక్కటే పనికిరాదు. చలికాలంలో పెళుసుగా ఉంటుంది, చేతిలో సాగదు. 1550లో అచ్చయిన గ్రంథంలో కళాకారుల జీవితచరిత్రలు రాసిన జార్జో వసారి పాళ్ల సంగతి చెప్పాడు: జంతువుల కొవ్వు మెత్తదనాన్నిస్తుంది, టర్పెంటైన్ జిగినిస్తుంది, తారులాంటి నల్ల కీలు రంగుతోపాటు ఆరాక గట్టిదనాన్నిస్తుంది. ఆ టర్పెంటైన్ ఇప్పుడు రంగుల దుకాణంలో దొరికే పల్చటి ద్రవం కాదు, తేనెలా చిక్కటి చెట్టుబంక. ఎరుపు కావాలంటే మెత్తగా జల్లించిన రంగుపొడిని కరిగిన మైనంలో కలుపుతారు. మైనం కరిగేది 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కాబట్టి సన్నటి సెగ చాలు. కొవ్వు ఎక్కువైతే బొమ్మ వేసవిలో జారిపోతుంది, దుమ్మును పట్టుకుంటుంది.

లోపల ఇనుపతీగో కర్రో ఊతంగా ఉంటుంది. తేడా వచ్చేది ఇక్కడే. చల్లారేకొద్దీ మైనం ముడుచుకుంటుంది, ఇనుము అంతగా ముడుచుకోదు. పూత పల్చగా ఉండే మడమ దగ్గర, మణికట్టు దగ్గర ముందు పగుళ్లు వస్తాయి.

ఇక కండరాల సంగతి. మైకెలాంజెలో కుర్రతనంలో ఫ్లోరెన్స్‌లోని శాంతో స్పిరితో మఠాధిపతి అనుమతితో శవాలను కోసి చూశాడు, బదులుగా కొయ్య శిలువ విగ్రహం చెక్కి ఇచ్చాడు. 1563లో ఏర్పడిన అక్కడి చిత్రకళా అకాడమీ, ఏటా చలికాలంలో శాంతా మరియా నువోవా ఆసుపత్రిలో శవచ్ఛేదం జరగాలని నియమం పెట్టుకుంది. చలికాలమే ఎందుకంటే ఎండల్లో శవం నిలవదు. కానీ బల్ల మీది శవంలో కండరం చచ్చుపడి, బరువుకు అణిగి, పరుచుకుని ఉంటుంది. శిల్పికి కావలసింది చెయ్యెత్తి నిలబడ్డ మనిషి. చెయ్యి పైకి లేస్తే భుజంపలక తిరుగుతుంది, భుజం మీది డెల్టాయిడ్ పొట్టిదై ఉబ్బుతుంది, చంకకింద కండరం సాగుతుంది. శవంలో చూసినదాన్ని బతికున్న భంగిమలోకి మార్చడానికి మైనమే దారి. కండరాన్ని పట్టీలా చేసి, ఎక్కడ పుడుతుందో ఆ ఎముక దగ్గర మొదలుపెట్టి, ఎక్కడ అతుక్కుంటుందో అక్కడిదాకా పరుస్తారు. తప్పయితే ఒలిచేసి మళ్లీ పెడతారు. పాలరాయిలో ఆ అవకాశం ఎక్కడిది?

ఇందులో ఒక ఉచ్చు కూడా ఉంది. నేర్చుకున్న కండరాలన్నిటినీ ఒకేసారి బిగించి చూపాలనే ఉబలాటం. అలాంటి బొమ్మలు అక్రోటుకాయల సంచిలా, ముల్లంగి కట్టలా ఉంటాయని లియొనార్డో మందలించాడు. ఒక కండరం బిగిస్తే దానికి ఎదురు కండరం వదులవుతుంది. ఆ వదులును చూపగలిగినవాడికే శరీరం అర్థమైనట్టు. లియొనార్డో మైనాన్ని మరోలా వాడాడు: ఎద్దు మెదడులోని గదుల్లోకి సిరంజితో కరిగిన మైనం ఎక్కించాడు. గాలి పోయేందుకు ముందే రంధ్రాలు చేశాడు, మైనం గట్టిపడ్డాక చుట్టూ ఉన్న మెదడును తొలగించి లోపలి ఆకారాన్ని చూశాడు.

1600 ప్రాంతంలో చిత్రకారుడు లుడోవికో చిగోలి, తోలు ఒలిచి, నిలబడ్డ మనిషి బొమ్మ ఒకటి మైనంలో చేశాడు. ఫ్లోరెన్స్ బార్జెల్లో మ్యూజియంలో ఉన్న ఆ బొమ్మనే శరీరశాస్త్ర మైనపు నమూనాల్లో తొలిదిగా లెక్కిస్తారు. తర్వాత ఫొజ్జీని అనే శిల్పి దాన్ని కంచులో పోత పోశాడు. ఆ శతాబ్దం చివర్లో మైనపు శిల్పి గాయెతానో జుంబో తీగ ఉండాల్సిన చోట నిజమైన పుర్రెనే పెట్టి, దాని మీద మైనంతో కుళ్లుతున్న తలను తీర్చాడు. అక్కడినుంచి ఈ పని వైద్యుల చేతికి వెళ్లింది. 1775లో ఫ్లోరెన్స్‌లో తెరుచుకున్న లా స్పెకోలా మ్యూజియంలో శాస్త్రవేత్త ఫెలీచె ఫోంతానా పర్యవేక్షణలో సుసీని వంటి శిల్పులు పనిచేశారు. కోసి సిద్ధం చేసిన భాగాలనుంచి ప్లాస్టర్ అచ్చులు తీసి, రంగు కలిపిన మైనాన్ని పొరలుపొరలుగా పోసేవారు. వాళ్లకు శవాలు వచ్చింది ఆ శాంతా మరియా నువోవా ఆసుపత్రి నుంచే.