ఆవిరికి ఎక్కడ ఆగాలో ఎలా తెలిసింది?

చలికాలంలో రైలు ప్రయాణం అంటే మనకు కిటికీ షట్టరు దించుకుని దుప్పటి కప్పుకోవడమే. మాఘమాసంలో కూడా విజయవాడ నుంచి సికింద్రాబాద్ వచ్చే రైలుకి హీటరు అక్కర్లేదు. అందుకే బోగీని వెచ్చగా ఉంచడం ఒక పెద్ద ఇంజనీరింగ్ సమస్య అన్న సంగతే మనకు తట్టదు. అదే షికాగో నుంచి మిన్నెసోటా వైపు వెళ్ళే రైలును ఊహించుకోండి. జనవరి రాత్రి, బయట సున్నాకు 25 డిగ్రీలు కింద. రైలు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఆ గాలిలోంచి దూసుకుపోతోంది. గోడలు ఇనుము, పొడవునా అద్దాల కిటికీలు, స్టేషన్ వచ్చినప్పుడల్లా తెరుచుకునే తలుపులు. ఇంత ఉన్నా లోపల చంటిపిల్లలు హాయిగా నిద్రపోవాలి.

దాదాపు నూరేళ్ళపాటు ఈ పనిని ఆవిరితోనే నడిపించారు. ఇంజన్లో బాయిలర్ ఎలాగూ ఉంది. అందులోంచి ఒక గొట్టం తీసి వెనక బోగీల్లోకి పంపితే సరిపోతుందనిపిస్తుంది. పంపడం నిజంగానే తేలిక. పంపిన ఆవిరిని చాలినంత దగ్గర ఆపడమే కష్టం. ఆ ఆపడానికి దొరికిన ఉపాయం నేను చదివిన యంత్రాలన్నిటిలోకీ అందమైన వాటిలో ఒకటి.

ఆవిరికి ముందు అమెరికా బోగీల్లో బొగ్గు పొయ్యిలు ఉండేవి. పొయ్యి పక్కన కూర్చున్నవాడికి చెమటలు, అవతలి చివర కూర్చున్నవాడికి వణుకు. అంతవరకే అయితే సర్దుకుపోయేవారు. 1876 డిసెంబర్ 29 రాత్రి ఒహాయో రాష్ట్రంలోని ఆష్టబ్యూలాలో, మంచు తుఫానులో, రైలు వెళ్తుండగా ఇనుప వంతెన కూలిపోయింది. బోగీలు లోయలో పడ్డాయి. చెక్క బోగీల్లోని పొయ్యిలు, నూనె దీపాలు బోర్లాపడి మంటలు లేచాయి. సుమారు 92 మంది చనిపోయారు. పడినప్పుడు బతికి ఉండి, తర్వాత మంటల్లో పోయినవాళ్ళు వారిలో ఎందరో. 1887 ఫిబ్రవరిలో వెర్మాంట్‌లో దాదాపు ఇదే కథ మళ్ళీ జరిగింది: వంతెన, చలి రాత్రి, పొయ్యి నిప్పు. ఇక జనం ఊరుకోలేదు. బోగీల్లో పొయ్యిలు వద్దంటూ ఒక్కో రాష్ట్రం చట్టాలు చేసింది. బోగీలోకి నిప్పు రాకుండా వేడి మాత్రమే రావాలి. ఆ వేడిని మోసుకురావడానికి ఆవిరిని మించింది లేదు.

ఎందుకో తెలియాలంటే వంటింట్లోకి వెళ్ళాలి. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు చెయ్యి కాలితే, మరిగే నీళ్ళు చిందినప్పటికంటే ఎక్కువగా బొబ్బలెక్కుతుంది. రెండూ 100 డిగ్రీలే. కానీ ఒక కిలో నీరు 100 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చల్లారితే ఇచ్చే వేడి 40 కిలో కేలరీలు. ఒక కిలో ఆవిరి, ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా తగ్గకుండా, కేవలం నీరుగా మారితే ఇచ్చేది 540 కిలో కేలరీలు. దీన్నే మనం బడిలో గుప్తోష్ణం అని చదువుకున్నాం. ఇడ్లీ పిండిని ఉడికించేది ప్రధానంగా ఈ వేడే. బోగీని వెచ్చబెట్టేదీ ఇదే.

ఇంగ్లండ్‌లో ఇదే సూత్రాన్ని మరో రకంగా వాడారు. అక్కడ ప్రయాణికుల కాళ్ళ కింద పెట్టుకోవడానికి వేడినీళ్ళ రేకు డబ్బాలు ఇచ్చేవారు. గంటా రెండు గంటల్లో అవి చల్లారిపోయేవి. 19వ శతాబ్దం చివర్లో నీళ్ళకు బదులు సోడియం అసిటేట్ నింపడం మొదలుపెట్టారు. అది 58 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మళ్ళీ గడ్డకట్టేటప్పుడు దాచుకున్న గుప్తోష్ణాన్ని నెమ్మదిగా విడిచిపెడుతుంది. డబ్బా చల్లారినట్టు అనిపిస్తే ఒకసారి గట్టిగా కుదిపితే చాలు, స్ఫటికాలు కట్టడం మొదలై మళ్ళీ వెచ్చబడేది. ఇప్పుడు చేతులు వెచ్చబెట్టుకోవడానికి అమ్మే చిన్న జెల్ సంచుల్లో కొన్నిటిలో ఉండేది ఈ పదార్థమే.

ఆవిరికి ఇంకో గొప్ప గుణం ఉంది. దాన్ని తోయడానికి పంపు అక్కర్లేదు. లీటరు నీరు ఆవిరైతే, మామూలు వాతావరణ పీడనం దగ్గర, 1,600 లీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. గొట్టంలో ఆ ఆవిరి చల్లబడి నీరైతే ఆ చోటంతా ఖాళీ అవుతుంది, వెనక ఉన్న ఆవిరి తనంతట తానే అక్కడికి వచ్చేస్తుంది. ఎక్కడ చలి ఎక్కువగా ఉంటే అక్కడికే ఎక్కువ ఆవిరి పరుగెడుతుంది. బోగీకి 50 కిలోవాట్ల వేడి కావాలనుకుందాం. లెక్క కడితే గంటకు 80 కిలోల ఆవిరి చాలు. పన్నెండు బోగీలకు దాదాపు ఒక టన్ను.

ఇంత బాగుంటే ఇక చిక్కెక్కడ? పీడనం దగ్గర. ఆవిరి పీడనం పెరిగితే దాని ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది, ప్రెజర్ కుక్కర్లో పప్పు త్వరగా ఉడకడానికి కారణం అదే. పన్నెండు బోగీల పొడవునా, గొట్టాల అతుకులన్నీ దాటి ఆవిరి చివరిదాకా చేరాలంటే ఇంజను దగ్గర గట్టి పీడనంతో వదలాలి. వాతావరణ పీడనానికి ఏడు రెట్లు అదనంగా పెడితే ఆవిరి 170 డిగ్రీలుంటుంది. దాన్ని నేరుగా సీటు కింద గొట్టంలోకి వదిలితే మొదటి బోగీలో కూర్చోలేరు. తగ్గిస్తే చివరి బోగీకి వెచ్చదనం అందదు. రైలుకు ఇంకో రెండు బోగీలు తగిలించారంటే లెక్కంతా మళ్ళీ మారిపోతుంది.

ఈ బాధంతా చివరికి మోసింది మనుషులే. అమెరికాలో పుల్‌మన్ కంపెనీ నడిపిన స్లీపర్ బోగీల్లో పోర్టర్లుగా పనిచేసినవాళ్ళలో చాలామంది నల్లజాతి అమెరికన్లు. పక్కలు వేయడం, బూట్లు పాలిష్ చేయడంతో పాటు రాత్రంతా ఆవిరి వాల్వులు తిప్పుతూ ఉండడం కూడా వాళ్ళ పనే. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి పై బెర్తువాడు ఉక్కపోస్తోందని పిలుస్తాడు, కింది బెర్తువాడు చలేస్తోందంటాడు. వాల్వు తిప్పితే ఫలితం వెంటనే కనబడదు, అరగంట పడుతుంది. ఆలోగా రైలు కొండ దిగి ఇంకో వాతావరణంలోకి వెళ్ళిపోతుంది. నిద్రలేని ఆ మనుషులు చేసింది ఈరోజు ఒక ఇంజనీరింగ్ శాఖ చేసే పని.

20వ శతాబ్దం మొదట్లో షికాగోకు చెందిన ఎగ్బర్ట్ గోల్డ్ అనే ఇంజనీరు పేరుతో వచ్చిన పద్ధతిని వేపర్ పద్ధతి అన్నారు. అందులో ప్రతి బోగీ అడుగున ఒక రెగ్యులేటర్ ఉంటుంది. ఇంజను నుంచి రైలు పొడవునా వచ్చే పెద్ద గొట్టంలోంచి ఆవిరి ఆ రెగ్యులేటర్ వాల్వు గుండా బోగీలోకి వెళ్ళి, గోడ వెంట నేల దగ్గర పొడవునా ప్రయాణించి, వెనక్కి తిరిగి మళ్ళీ అదే రెగ్యులేటర్ దగ్గరికి వచ్చి, అక్కడ బయటిగాలిలోకి తెరుచుకుంటుంది. ఆ తెరిచిన కొస దగ్గర వేడికి ఉబ్బి చలికి ముడుచుకునే ఒక లోహపు డయాఫ్రం, అంటే పలచని పొర, ఉంటుంది. దానికి వాల్వు తగిలించి ఉంటుంది. ఉన్నదంతా ఇదే.

ఇక అది పనిచేసే తీరు చూడండి. బోగీ చల్లగా ఉన్నప్పుడు ఆవిరి గొట్టంలో కొంతదూరం వెళ్ళేసరికే నీరైపోతుంది. చల్లారిన నీరు మాత్రమే కొసకు చేరుతుంది. డయాఫ్రం ముడుచుకునే ఉంటుంది, వాల్వు తెరిచే ఉంటుంది, ఆవిరి వస్తూనే ఉంటుంది. గొట్టం వేడెక్కేకొద్దీ ఆవిరి ఇంకాస్త ముందుకు వస్తుంది. చివరికి ఒక క్షణంలో, నీరుగా మారకుండా, ఆవిరే కొసదాకా వచ్చి డయాఫ్రంను తాకుతుంది. అది ఉబ్బి వాల్వును మూసేస్తుంది. లోపలి ఆవిరి నీరయ్యాక డయాఫ్రం మళ్ళీ చల్లబడి వాల్వును తెరుస్తుంది. ఇక చాలు అన్న కబురును ఆవిరి తానే మోసుకొస్తుంది. గొట్టం ఎంత వేడిని బోగీకి ఇచ్చిందో సరిగ్గా అంత ఆవిరి మాత్రమే లోపలికి వస్తుంది.

గొట్టం కొస బయటిగాలికి తెరిచి ఉంది కాబట్టి లోపల పీడనం పెరగదు. పెద్ద గొట్టంలో పీడనం ఎంత ఉన్నా సీటు పక్క గొట్టం 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. పెద్ద గొట్టంలో కాస్త పీడనం మిగిలినంతవరకూ మొదటి బోగీకి, చివరి బోగీకి తేడా లేదు. ఇంజను దగ్గర వదిలిన పీడనంతో ప్రయాణికుడికి సంబంధమే తెగిపోయింది. కంప్యూటరు లేదు, కరెంటు లేదు, కదిలే భాగాలు ఒకటో రెండో. నాకు ఇది చదివినప్పుడల్లా ఆ మనిషికి చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

నీరైన ఆవిరి పట్టాల మీద కారిపోయేది. పాత ఫోటోల్లో మంచులో ఆగిన రైలు కింద పొగలాంటి తెల్లని తెరలు కనిపించేది అందుకే. ఆ నీరు బయటికి పోవడం చాలా ముఖ్యం. గొట్టంలో ఎక్కడైనా వాలు తప్పి నీరు నిలిస్తే, వేగంగా వచ్చే ఆవిరి ఆ నీటిని ముద్దగా నెట్టుకెళ్ళి వంపు దగ్గర గోడకేసి కొడుతుంది. న్యూయార్క్, న్యూజెర్సీల్లో పాత అపార్ట్‌మెంట్లలో ఉండే మన పిల్లలు చలికాలపు రాత్రుళ్ళు ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడుకి ఉలిక్కిపడి లేస్తుంటారు. అది ఇదే, గదిలోని ఆవిరి రేడియేటర్ చేసే చప్పుడు. రైల్లో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. నిలిచిన నీరు గడ్డకడితే గొట్టం మూసుకుపోతుంది, పగులుతుంది, దాని వెనక బోగీలన్నిటికీ వేడి ఆగిపోతుంది. అందుకే చివరి బోగీ వెనక వాల్వును పూర్తిగా మూయకుండా కొద్దిగా తెరిచి ఉంచేవారు. అక్కడ సన్నగా ఆవిరి పోతూ కనిపించిందంటే దారంతా తెరిచి ఉన్నట్టు.

వేపర్ పద్ధతితో గొట్టం ఉష్ణోగ్రత స్థిరపడింది. కానీ బయట చలి స్థిరంగా ఉండదు కదా. సున్నాకు 25 కింద ఉన్నప్పుడు సరిపోయే గొట్టం, ఎండ కాస్తే ఎక్కువైపోతుంది. కాబట్టి గొట్టానికి ఆవిరిని కాసేపు ఇచ్చి కాసేపు ఆపాలి. 1930ల్లో బోగీల్లో ఎయిర్ కండిషనింగ్, దాంతోపాటు కరెంటు సౌకర్యం బాగా పెరిగాక ఈ పని థర్మోస్టాట్‌కు అప్పగించారు. సన్నని గాజు గొట్టంలో పాదరసం, దాని పక్కన సన్నని తీగ మొన. నిర్ణయించిన డిగ్రీకి పాదరసం ఎక్కి ఆ మొనను తాకితే సర్క్యూట్ పూర్తవుతుంది. ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) ద్వారా అయస్కాంత వాల్వు ఆవిరిని ఆపేస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. వాల్వు మూసినా గొట్టం నిండా వేడి ఉంటుంది, అది ఇంకా కొన్ని నిమిషాలు బోగీని కాస్తూనే ఉంటుంది. 22 డిగ్రీల దగ్గర ఆపితే 25కి వెళ్ళి, తర్వాత 19కి దిగుతుంది. పాలు పొంగాక స్టవ్ ఆపితే లాభం లేదు, పొంగు మొదలవకముందే మంట తగ్గించాలి. మన అమ్మలు చూపుతో చేసే ఆ పనిని థర్మోస్టాట్‌కు నేర్పడానికి పాదరసం గొట్టం చుట్టూ ఒక చిన్న హీటరు తీగ చుట్టారు. ఆవిరి వస్తున్నంతసేపు ఆ తీగ పాదరసాన్ని కాస్త వేడిచేస్తుంది. దాంతో గది నిజంగా వేడెక్కకముందే పాదరసం మొనను తాకుతుంది, ఆవిరి ముందుగానే ఆగుతుంది. ఆ తీగలో కరెంటు ఎక్కువ తక్కువలు చేసి, రాత్రి నిద్రవేళకు ఒక ఉష్ణోగ్రత, పగటికి ఇంకొకటి కూడా పెట్టుకోవచ్చు. థర్మోమీటరుకు చిన్న అబద్ధం చెప్పి గదిలో నిజమైన స్థిరత్వం సాధించారన్నమాట.

డీజిల్ ఇంజన్లు వచ్చాక కథ తలకిందులైంది. డీజిల్ ఇంజన్లో బాయిలర్ లేదు, బోగీలన్నీ మాత్రం ఆవిరి కోసం ఎదురుచూస్తున్నాయి. దాంతో కేవలం బోగీలను వెచ్చబెట్టడానికి డీజిల్ ఇంజన్లో నూనెతో మండే ఒక ఆవిరి జనరేటరును, దానికి నీళ్ళ ట్యాంకును పెట్టి మోయాల్సి వచ్చింది. 1971 మే 1న మొదలైన అమెరికా ప్రయాణికుల రైళ్ళ సంస్థ ఆమ్‌ట్రాక్‌కు ఇలాంటి పాత బోగీలే సంక్రమించాయి. 1977 జనవరిలో షికాగో చుట్టుపక్కల రాష్ట్రాలున్న మిడ్‌వెస్ట్‌ను చలి బిగించినప్పుడు ఆవిరి గొట్టాలు గడ్డకట్టి రైళ్ళు రద్దయ్యాయి. అప్పటికే 1975 నుంచి కరెంటుతో వెచ్చబడే ఆమ్‌ఫ్లీట్ బోగీలు రావడం మొదలైంది. ఇంజను నుంచి 480 వోల్టుల కరెంటు తీగ వెనక్కి వెళ్తే చాలు. తీగలో నీరు నిలవదు, గడ్డకట్టదు. రష్యాలో మాత్రం దారి వేరు: ప్రతి బోగీలో ఒక వేడినీటి బాయిలర్, దాన్ని చూసుకోవడానికి ఒక అటెండెంటు. మిగతా రైలు ఏమైనా ఆ బోగీ బతుకు ఆ బోగీదే.

మన దేశంలో ఈ సమస్య ఇప్పుడు కాశ్మీర్లో ఎదురైంది. 2025 జూన్ 6న కట్రా, శ్రీనగర్ల మధ్య మొదలైన వందే భారత్‌లో బోగీని వెచ్చబెట్టడం ఒక ఎత్తయితే, నీళ్ళ ట్యాంకు, కుళాయి గొట్టాలు గడ్డకట్టకుండా చూడడం ఇంకో ఎత్తు. ట్యాంకులకు సిలికాన్ హీటింగ్ ప్యాడ్లు పెట్టారు. గొట్టాలకు తనను తానే అదుపు చేసుకునే హీటింగ్ తీగను వాడారు. ఇలాంటి తీగలో సాధారణంగా కర్బన రేణువులు కలిపిన ప్లాస్టిక్ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు రేణువులు దగ్గరగా ఉండి కరెంటు పారుతుంది, వేడి పుడుతుంది. వెచ్చబడితే ప్లాస్టిక్ వ్యాకోచించి రేణువులు ఎడమవుతాయి, కరెంటు తగ్గిపోతుంది. ఎక్కడ చలి ఉంటే తీగలో ఆ జానెడు ముక్కే వేడెక్కుతుంది, పక్క ముక్క ఊరుకుంటుంది.