తెగేదాకా లాగిన బేరం: కౌబాయ్స్‌లో మళ్లీ అదే పేచీ

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రిసీవర్‌గా, అంటే విసిరిన బంతిని అందుకునే ఆటగాడిగా ఉన్న జార్జ్ పికెన్స్ పాత కాంట్రాక్ట్ 2025 సీజన్‌తో ముగిసింది. 93 క్యాచ్‌లు, 1,429 గజాలతో కెరీర్‌లోనే మంచి సీజన్ ఆడాడు కాబట్టి రేటు పెంచి అడుగుతాడు. ఇందులో వింతేమీ లేదు. అతని జట్టు డాలస్ కౌబాయ్స్ అభిమానులను ఉలిక్కిపడేలా చేసింది అతని ఏజెంట్ పేరు. డేవిడ్ ములుగెటా. మైకా పార్సన్స్ తరఫున బేరానికి వచ్చిందీ ఈయనే. ఆ బేరం ఎలా ముగిసిందో 2025 ఆగస్టు 28న అందరూ చూశారు: జట్టులోని అత్యుత్తమ డిఫెన్స్ ఆటగాడు సీజన్‌కు వారం ముందు గ్రీన్ బే ప్యాకర్స్‌కు వెళ్లిపోయాడు. జట్టు కార్యాలయం, ప్రాక్టీసు మైదానం ఉన్నది ఫ్రిస్కోలో. అక్కడా, పక్కనున్న ప్లేనో, అర్వింగ్‌లలోనూ స్థిరపడిన తెలుగువాళ్లలో ఆదివారం మధ్యాహ్నాలను ఈ జట్టుకు రాసిచ్చేసినవాళ్లు తక్కువేం కాదు. వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో 2026 ఆరంభంలో తిరిగిన ప్రశ్న ఒక్కటే: పికెన్స్ విషయంలోనూ అదే జరుగుతుందా?

1989లో జెర్రీ జోన్స్ ఈ జట్టును కొన్న కథ, వచ్చీ రాగానే కోచ్ టామ్ లాండ్రీని ఇంటికి పంపిన కథ, తొంభైల్లో గెలిచిన మూడు సూపర్‌బౌల్‌ల (లీగ్ ఫైనల్స్) కథ తెలిసినవే కాబట్టి వదిలేద్దాం. 1996 జనవరి తర్వాత ఈ జట్టు సూపర్‌బౌల్‌కు ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్ గడప కూడా తొక్కలేదన్నదీ పాత పాటే. ఇప్పటి పేచీ అర్థం కావాలంటే 2025 మార్చిలో జోన్స్‌కూ పార్సన్స్‌కూ మధ్య జరిగిన ఒక సంభాషణ దగ్గరికి వెళ్లాలి.

ఆ సంభాషణలో ఏజెంట్ లేరు. దీని మీద ఇద్దరికీ భేదం లేదు. మిగతా అన్నింటి మీదా ఉంది.

ఆగస్టు 1న తనను మరో జట్టుకు పంపమని కోరుతూ పార్సన్స్ పెట్టిన బహిరంగ ప్రకటనలో చెప్పింది ఇదీ. యజమానిని కలవడానికి వెళ్లింది జట్టులో నాయకత్వం గురించి మాట్లాడటానికి. మాటల్లో మాటగా కాంట్రాక్ట్ ప్రస్తావన వచ్చింది. తనకేం కావాలో చెప్పిన మాట, ఇటూ అటూ అంకెలు నడిచిన మాట నిజమే. కానీ అదే అధికారిక చర్చ అని తాను ఏ క్షణంలోనూ అనుకోలేదు. తన ఏజెంట్ వచ్చి మాట్లాడతారని జోన్స్‌కు ఆ తర్వాత చెప్పాడు కూడా. ఏజెంట్ వెళ్తే, ఒప్పందం దాదాపు కుదిరిపోయిందిగా అన్న సమాధానం వచ్చింది. కాదని చెప్పాక అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. అతను ఇంకో మాట కూడా చెప్పాడు, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు: ఆగితే మార్కెట్ పెరుగుతుందని తెలిసి కూడా మూడో సీజన్ అవగానే సంతకం పెట్టడానికి తాను సిద్ధపడ్డానని. అంటే ఆలస్యం అతను కోరుకున్నది కాదు.

జోన్స్ మాట వేరు. ఎన్నేళ్లు, ఎంత, అందులో గ్యారంటీ ఎంత అన్నీ ఇద్దరం మాట్లాడుకున్నామని, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) కాని ఏ ఆటగాడికీ అప్పటిదాకా దక్కనంత గ్యారంటీ సొమ్ము ఇవ్వజూపామని, వివరాలు పంపబోతే ఏజెంట్ ముతక మాటతో తిప్పికొట్టారని ఆయన వాదన.

లీగ్‌కూ ఆటగాళ్ల యూనియన్‌కూ మధ్య ఉన్న సమష్టి ఒప్పందం ప్రకారం, ఆటగాడు గుర్తింపు ఉన్న ఏజెంటును పెట్టుకున్నాక బేరం ఆ ఏజెంటుతోనే సాగాలి. ముప్పై ఆరేళ్లుగా కాంట్రాక్టులు రాస్తున్న మనిషికి ఇది తెలియదనుకోలేం. అయినా 2025 ఏప్రిల్ 1న, లీగ్ యజమానుల వార్షిక సమావేశాల్లో విలేకరులు అడిగితే, ఆ ఏజెంట్ పేరే తనకు తెలియదన్నారు జోన్స్. ఏజెంట్ ఇందులో లెక్కలోకి రాడన్నారు. నోటిమాటతో పని అయిపోయిందని ఆయన నిజంగానే నమ్మి ఉండొచ్చు. కానీ ఎదుటివాడి తరఫు మనిషి పేరు తెలియదని మైకు ముందు చెప్పడం ఒప్పందం కుదుర్చుకోవాలనుకునేవాడు చేసే పని కాదు.

ఈ ధోరణి మూలాలు 1993లో ఉన్నాయి. వరుసగా రెండేళ్లు లీగ్‌లో బంతి పట్టుకుని పరుగెత్తి అత్యధిక గజాలు సాధించిన ఎమిట్ స్మిత్ ఆ ఏడాది కాంట్రాక్ట్ కోసం ఇంట్లో కూర్చున్నాడు. జోన్స్ దిగిరాలేదు. జట్టు మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడింది. రెండో ఓటమి తర్వాత డిఫెన్స్ ఆటగాడు చార్లెస్ హేలీ లాకర్ రూమ్‌లో హెల్మెట్ తీసి గోడకేసి కొట్టాడు. ఆ వారంలోనే స్మిత్‌కు నాలుగేళ్లకు 1.36 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ వచ్చింది. ఆ సీజన్ చివర సూపర్‌బౌల్ కూడా వచ్చింది. మొదటి రెండు మ్యాచ్‌లు ఓడి టైటిల్ గెలిచిన జట్టు అంతకుముందు లేదు. ఆఖరి నిమిషం దాకా బిగబట్టి కూర్చుంటే చివరికి అంతా సర్దుకుంటుందన్న పాఠం జోన్స్ అక్కడే నేర్చుకున్నారని నా అనుమానం.

అయితే ఆ పాఠం నేర్చుకున్న మరుసటి ఏడాదే ఆట నియమాలు మారిపోయాయి. 1994లో లీగ్ తొలిసారి శాలరీ క్యాప్, అంటే జీతాల ఖర్చుకు పరిమితి పెట్టింది. ఒక్కో జట్టు ఆటగాళ్ల మీద పెట్టే ఖర్చుకు అప్పుడు పరిమితి 3.46 కోట్ల డాలర్లు. 2025 నాటికి అది 27.92 కోట్లు. పరిమితి లేని రోజుల్లో ఆలస్యానికి యజమాని చెల్లించే మూల్యం ఒకటో రెండో ఓటములు. పరిమితి వచ్చాక, అది ఏటా పెరుగుతున్నప్పుడు, ఆలస్యం చేసిన ప్రతి నెలా ఇంకో జట్టు ఇంకో ఆటగాడికి సంతకం పెట్టి మార్కెట్ రేటును పైకి నెడుతుంది. ముందుగా సంతకం పెట్టించుకున్న జట్టు లాభపడుతుంది. బద్ధ ప్రత్యర్థి ఫిలడెల్ఫియా ఈగల్స్ ఇదే పద్ధతిగా పెట్టుకుంది, డాలస్ అభిమానులకు ఈ మాట గిట్టదు గానీ.

పార్సన్స్ విషయంలో జరిగింది అచ్చంగా అదే. 2025 మార్చిలో పార్సన్స్‌లాగే డిఫెన్స్ ఆడే మ్యాక్స్ క్రాస్బీకి లాస్ వెగాస్ ఏడాదికి సగటున 3.55 కోట్ల డాలర్లు ఇచ్చింది. కొద్ది రోజులకే మైల్స్ గారెట్‌కు క్లీవ్‌లాండ్ 4 కోట్లు. జూలైలో టి.జె. వాట్‌కు పిట్స్‌బర్గ్ 4.1 కోట్లు. పార్సన్స్‌కు వీళ్లకన్నా వయసు తక్కువ. నాలుగు సీజన్లలో క్వార్టర్‌బ్యాక్‌ను 52.5 సార్లు పడగొట్టాడు, ఏ ఏడాదీ పన్నెండుకు తగ్గలేదు. చివరికి గ్రీన్ బే ఇచ్చింది నాలుగేళ్లకు 18.8 కోట్లు, అంటే ఏడాదికి 4.7 కోట్లు.

2024లో కూడా ఇదే నడిచింది. రిసీవర్ సీడీ ల్యాంబ్ శిక్షణ శిబిరమంతా దూరంగా ఉండి ఆగస్టు 26న సంతకం పెట్టాడు. క్వార్టర్‌బ్యాక్ డ్యాక్ ప్రెస్కాట్ కాంట్రాక్ట్ మొదటి మ్యాచ్ రోజునే ఖరారైంది: నాలుగేళ్లకు 24 కోట్లు. ఏడాదికి 6 కోట్లు అప్పటిదాకా లీగ్‌లో ఎవరికీ లేవు. ఆ ఇద్దరూ చివరి నిమిషంలో ఒప్పుకున్నారు కాబట్టి మూడోవాడు పార్సన్స్ కూడా ఒప్పుకుంటాడన్న ధీమా వచ్చింది.

కోచ్‌ల విషయంలోనూ ఇదే తంతు. మైక్ మెకార్తీ 2021 నుంచి 2023 దాకా వరసగా మూడుసార్లు 12 మ్యాచ్‌లు గెలిపించారు. ప్లేఆఫ్‌లో సొంతగడ్డ మీద గ్రీన్ బే చేతిలో 48-32తో చిత్తయ్యాక కూడా ఆయన్ను తీసెయ్యలేదు, కాంట్రాక్ట్ పొడిగించనూ లేదు. చివరి ఏడాది ఒప్పందంతో 2024లోకి దించారు. ఆ సీజన్‌లో ఏమీ దాచుకోకుండా సర్వశక్తులూ ఒడ్డుతామని జోన్స్ చెప్పారు గానీ, ఆ వసంతంలో బయటి నుంచి చెప్పుకోదగ్గ ఆటగాణ్ని తెచ్చింది లేదు. ఏడు గెలుపులు, పది ఓటములతో సీజన్ ముగిసింది. చికాగో బేర్స్ మెకార్తీని ఇంటర్వ్యూ చేస్తామంటే అనుమతి ఇవ్వలేదు, పోనీ తాము అట్టిపెట్టుకున్నారా అంటే అదీ లేదు. కాంట్రాక్ట్ గడువు ముగిసే వేళకు, 2025 జనవరి 13న, ఆయన వెళ్లిపోయారు. మార్కెట్లో అందరూ కోరుకుంటున్న కోచ్ మైక్ వ్రేబెల్ అంతకు ముందురోజే న్యూ ఇంగ్లండ్‌లో చేరిపోయారు. డాలస్ ఇంటర్వ్యూ చేసింది నలుగురిని. జనవరి 24న కుర్చీ దక్కింది అప్పటికే జట్టులో ఉన్న ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ (దాడి విభాగం కోచ్) బ్రయన్ షాటన్‌హైమర్‌కు. వయసు 51, హెడ్ కోచ్‌గా ఇదే మొదటి ఉద్యోగం.

షాటన్‌హైమర్ మంచి ఎంపికే కావచ్చు. 2025లో ఆఫెన్స్ బాగా నడిచింది, పికెన్స్ వెలిగింది కూడా ఆయన చేతుల్లోనే. ఇక్కడ చూడాల్సింది ఎదురు చెప్పగల స్థానం ఆయనకు ఉందా అన్నది. 1994 మార్చిలో రెండు సూపర్‌బౌల్‌లు గెలిచిన జిమ్మీ జాన్సన్‌ను సాగనంపే ముందు, ఈ ఆటగాళ్లతో ఐదొందల మంది కోచ్‌లలో ఎవరైనా గెలిచేవారని ఓర్లాండోలో ఒక రాత్రి విలేకరుల ముందు జోన్స్ అన్నారు. ఆ తర్వాత వచ్చిన ఎనిమిది మంది హెడ్ కోచ్‌లలో బిల్ పార్సెల్స్‌ను మినహాయిస్తే, ఆ మాట మర్చిపోగలిగినవారు కనపడరు. జోన్సే కూర్చున్న జనరల్ మేనేజర్ కుర్చీ మాత్రం ముప్పై ఆరేళ్లలో ఒక్కసారీ చేతులు మారలేదు. మరో జట్టులో అయితే అలాంటి మార్చి సంభాషణకు బాధ్యత వహించాల్సిన ఉద్యోగి ఒకరు ఉంటారు, యజమాని అతన్ని పిలిచి అడుగుతారు. డాలస్‌లో అడిగేదీ, జవాబు చెప్పాల్సిందీ ఒకే మనిషి.

2025 జూలైలో కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌లో శిక్షణ శిబిరం మొదలైన రోజు జోన్స్ మాట్లాడుతూ, సంతకం పెట్టించినంత మాత్రాన ఆటగాడు మైదానంలో ఉంటాడన్న నమ్మకం లేదని, పార్సన్స్ నిరుడు ఆరు మ్యాచ్‌లకు గాయంతో దూరమయ్యాడని అన్నారు. అతను దూరమైంది నాలుగింటికే. తనను పంపేయమన్న పార్సన్స్ ప్రకటన వచ్చింది ఆ తర్వాతే. జోన్స్ సాహసాలను కీర్తించే నెట్‌ఫ్లిక్స్ డాక్యుమెంటరీ సిరీస్ ఆగస్టు 19న విడుదలైంది. ఆ వారమే ప్రీసీజన్ మ్యాచ్ జరుగుతుండగా పార్సన్స్ సైడ్‌లైన్ దగ్గర చికిత్స బల్ల మీద పడుకుని కెమెరాలకు చిక్కాడు. ఇంకో వారానికి లేడు.

బదులుగా వచ్చింది: 2026, 2027 డ్రాఫ్ట్‌లలో (కాలేజీల నుంచి కొత్త ఆటగాళ్లను ఎంచుకునే తంతు) గ్రీన్ బే మొదటి రౌండ్ ఎంపికలు, డిఫెన్స్ మధ్యలో నిలిచే డిఫెన్సివ్ టాకిల్ కెనీ క్లార్క్. ప్రత్యర్థి రన్నింగ్‌ను ఆపలేక అల్లాడుతున్నామని, ఒక్కడి డబ్బుతో పలువురు మంచి ఆటగాళ్లు వస్తారని జోన్స్ సమర్థించుకున్నారు. నవంబర్ 4న న్యూయార్క్ జెట్స్ నుంచి మరో డిఫెన్సివ్ టాకిల్ క్విన్నెన్ విలియమ్స్‌ను తెచ్చాక ఆ లెక్కకు కొంత బలం వచ్చింది. క్లార్క్, విలియమ్స్ కాంట్రాక్టుల సగటులు కలిపితే ఏడాదికి 4.5 కోట్లు, పార్సన్స్ ఒక్కడి ధరకు దగ్గర. డిసెంబర్‌లో పార్సన్స్ మోకాలి లిగమెంట్ తెగినప్పుడు జోన్స్ పక్షం వాళ్లు చెప్పలేదా అన్నారు.

మైదానం చెప్పింది వేరు. సెప్టెంబర్ 28న పార్సన్స్ ప్రత్యర్థిగా డాలస్ సొంత మైదానం ఉన్న ఆర్లింగ్టన్ వచ్చిన రాత్రి మ్యాచ్ 40-40తో టై అయింది. నలభై పాయింట్లు చేసి కూడా గెలవలేని జట్టుకు లేనిదేమిటో ఆ రాత్రే తేలింది. సీజన్ మొత్తంలో డాలస్ డిఫెన్స్ మ్యాచ్‌కు సగటున 30కి పైగా పాయింట్లు ఇచ్చింది, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. జట్టు ఏడు గెలుపులు, తొమ్మిది ఓటములు, ఒక టైతో మళ్లీ ప్లేఆఫ్‌కు దూరమైంది. 2026 జనవరి 6న డిఫెన్సివ్ కోఆర్డినేటర్ (డిఫెన్స్ విభాగం కోచ్) మ్యాట్ ఎబర్‌ఫ్లూస్‌కు ఉద్వాసన పలికారు. ఆయన స్థానంలో ఈగల్స్ నుంచి క్రిస్టియన్ పార్కర్‌ను తెచ్చారు. డ్యాన్ క్విన్, మైక్ జిమ్మర్, ఎబర్‌ఫ్లూస్, పార్కర్: నాలుగు సీజన్లలో నలుగురు. మార్చిలో ఎవరితో మాట్లాడాలో వీళ్లెవరూ నిర్ణయించలేదు, మూల్యం మాత్రం ఎబర్‌ఫ్లూస్ చెల్లించారు.

2026 ఆరంభంలో పికెన్స్‌తో బేరానికి జట్టు చేతిలో ఉన్నది ఫ్రాంచైజీ ట్యాగ్. అది వేస్తే ఆటగాడు ఒక ఏడాది పెద్ద జీతానికి కట్టుబడతాడు, దీర్ఘకాలిక ఒప్పందానికి జూలై మధ్య దాకా గడువు దొరుకుతుంది. ప్రెస్కాట్‌కు 2020లో ట్యాగ్ వేశారు, గడువులోగా ఒప్పందం కుదరలేదు. మరుసటి మార్చిలో నాలుగేళ్లకు 16 కోట్లు ఇవ్వాల్సి వచ్చింది, అదీ అతను చీలమండ విరిగి సగానికి పైగా సీజన్ కోల్పోయాక. పికెన్స్‌కు అప్పటికే ఉన్న ప్రెస్కాట్, ల్యాంబ్‌ల జీతాల పక్కన చోటు వెతకాల్సి వచ్చింది. 2026 వేసవిలో ఇంకే జట్టు ఏ రిసీవర్‌కు ఎంతకు సంతకం పెడుతుందో డాలస్ చేతిలో లేని పని. ములుగెటాకు ఎప్పుడు ఫోన్ చేయాలన్నది మాత్రం దాని చేతిలో ఉన్నదే.