చావులేనివాడి కష్టాలు: అపోహలు – వాస్తవాలు

బెంగళూరు మల్లేశ్వరంలో ఉంటూ తెలుగులో హాస్య నవలలు రాస్తాను. ఇప్పుడు రాస్తున్నదాంట్లో కథానాయకుడికి చావు లేదు. ఆ మాట చెప్పగానే అడ్డు తగిలే అభిప్రాయాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: చావు మీద హాస్యం అపచారం.

వాస్తవం: ఆ లెక్కన తొలి దోషి మహాభారతమే. చేయని దొంగతనానికి రాజు కొరత వేయించిన మాండవ్యుడు, నేరుగా యముడి కొలువుకు వెళ్లి నిలదీస్తాడు. చిన్నప్పుడు పురుగుల తోకల్లో గడ్డిపరక గుచ్చావని జవాబు. ముని మండిపడి, పద్నాలుగేళ్ల లోపు చేసింది పాపం కిందికి రాదని నియమం పెట్టి, భూమ్మీద పుట్టమని యముణ్నే శపిస్తాడు. ఆయనే విదురుడు. అర్జీదారు చేతిలో అధికారికి బదిలీ! ఇంతకు మించి నేను కల్పించేదేముంది?

అపోహ: ఫాంటసీ కదా, ఏదైనా రాసుకోవచ్చు.

వాస్తవం: వరానికి షరతులు లేకపోతే కథే లేదు. హిరణ్యకశిపుడు ఇంటా బయటా, పగలూ రాత్రీ అన్నీ అడిగి గడపను, సంధ్యను మరిచిపోయాడు. షరతులు తేల్చుకోకుండా రాసిన రెండు అధ్యాయాలు నేను చించేశాను.

అపోహ: చావులేనివాడికి కష్టమేముంటుంది?

వాస్తవం: అశ్వత్థామను 3000 ఏళ్లు ఒంటరిగా తిరగమన్నది శాపమే, వరం కాదు. అయితే నా నవల పుట్టింది పురాణంలో కాదు, నవంబరు నెలలో ఒక బ్యాంకు వరుసలో. పింఛను తీసుకునేవారు ఏటా తాము బతికే ఉన్నామని పత్రం ఇవ్వాలి. 2014 నుంచి వేలిముద్రతోనూ ఇవ్వవచ్చు. నాన్నగారికి ఎనభై దాటాయి, బొటనవేలి గీతలు అరిగిపోయాయి. యంత్రం ఎర్రదీపం చూపింది. వేలు పంచె అంచుకు తుడుచుకుని మళ్లీ పెట్టారు. మళ్లీ ఎరుపే.

"ఇది ఒప్పుకోకపోతే నేను లేనట్టేనా నాయనా?" అని గుమాస్తాను తెలుగులోనే అడిగారు. ఆ కన్నడ అబ్బాయికి అర్థం కాలేదు కానీ వరుసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాన్నగారు నవ్వలేదు. చివరికి చూపుడువేలికి పచ్చదీపం వెలిగింది.

నా కథానాయకుడు ఏటా అదే వరుసలో నిలబడతాడు. వయసు 412. దరఖాస్తులో వయసు గడికి రెండంకెల చోటే ఉంది. గుమాస్తా "పన్నెండు అని వేయనా?" అంటాడు.

అపోహ: ఇలాంటి నవల చివర్లో అతను చచ్చిపోక తప్పదు.

వాస్తవం: ఇంకా తేల్చుకోలేదు. నాన్నగారు ఉన్నప్పుడు మొదటి మూడు అధ్యాయాలు చదివి వినిపించాను. అంతా విని, "అన్నేళ్లు అవే కళ్లద్దాలా? మార్పించరా" అన్నారు. నాలుగో అధ్యాయంలో మార్పించాను.