పడకల వెంట నడిచిన చదువు: పాలమూరు, నల్లగొండ ప్రాంతంలో నర్సింగ్ డిగ్రీ నేపథ్యం

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్లగొండ ప్రాంతాల్లో ఇంటర్మీడియట్ బైపీసీ పూర్తిచేసిన విద్యార్థినికి బీఎస్సీ నర్సింగ్ చదువు నేడు కొంతవరకు అందుబాటు దూరంలోకి వచ్చింది. పాతికేళ్ల కిందట అదే చదువు కోసం హైదరాబాదు బస్సెక్కడం, అక్కడ హాస్టల్ వెతుక్కోవడం తప్పేది కాదు. ఆ స్తోమత లేని ఇళ్లలో ఆడపిల్లలు జీఎన్ఎం (సాధారణ నర్సింగ్, ప్రసూతి సేవల) డిప్లొమాతోనో, అంతకంటే చిన్నదైన ఏఎన్ఎం (సహాయక నర్సు, ప్రసూతి సేవల) శిక్షణతోనో సరిపెట్టుకునేవారు. దక్షిణ తెలంగాణ పిల్లలకు నర్సింగ్ మీద ఆసక్తి లేకపోవడమే ఈ ఆలస్యానికి కారణమన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది గానీ, అది నిలిచే వాదన కాదు. నర్సింగ్ డిగ్రీ ఎక్కడ మొదలవుతుందన్నది ప్రధానంగా అక్కడి ఆసుపత్రిలో ఎన్ని పడకలున్నాయన్న దాన్ని బట్టే తేలుతూ వచ్చింది.

మన దేశంలో ఆధునిక నర్సింగ్ శిక్షణ మద్రాసు వంటి ప్రెసిడెన్సీ నగరాల్లో మొదలైంది. మద్రాసులో 1854లో మంత్రసానుల శిక్షణకు, 1871లో జనరల్ ఆసుపత్రి ఆధారంగా నర్సుల శిక్షణకు బీజం పడింది. నర్సుల పేర్లను చట్టబద్ధంగా నమోదు చేసే పద్ధతి కూడా 1926లో మద్రాసు రాష్ట్రంలోనే వచ్చింది. పాలమూరు, నల్లగొండ అప్పట్లో నిజాం సంస్థానంలో ఉండటం వల్ల ఆ పరిణామాల నేరు ప్రభావం ఈ జిల్లాల మీద పడలేదు. సంస్థానంలో వైద్యమంటే రాజధానే. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయిన తరువాత, 1920లలో లేచిన ఉస్మానియా ఆసుపత్రే దానికి కేంద్రం. జిల్లాల్లో కొంత భిన్నంగా కనిపించినవి క్రైస్తవ మిషనరీల కేంద్రాలు. నల్లగొండలో బాప్టిస్టు మిషన్ 1890లో అడుగుపెట్టగా, జడ్చర్లలో మెన్నొనైట్ బ్రదరెన్ వారి ఆసుపత్రి 1950లలో నెలకొంది. ఊళ్లలో కాన్పులు చేసిన మంత్రసాని తరతరాల అనుభవంతో పనిచేసేది. వార్డులో, తెల్ల దుస్తుల్లో, వేళాపాళా రాసుకుంటూ రోగిని చూసుకునే స్త్రీని ఈ ప్రాంత జనం దగ్గరగా చూసింది ఎక్కువగా మిషన్ దవాఖానల్లోనే. నర్సు పనిని చాలాకాలం ‘వాళ్ల పని’గా భావించడానికి ఆ చరిత్ర కూడా ఒక కారణం కావచ్చునని నా అభిప్రాయం.

నర్సింగ్ ఒక విశ్వవిద్యాలయ చదువు కావాలన్న ఆలోచన స్వాతంత్ర్యానికి ముందరి ఏళ్లలో బలపడింది. దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చే నాటికి దేశంలో ఉన్న నర్సులు దాదాపు 7,000 మంది. లెక్క వేస్తే సుమారు 43,000 మంది జనాభాకు ఒక్కరు. అదే 1946లో ఢిల్లీలోని నర్సింగ్ కళాశాలలో, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాలలో నాలుగేళ్ల డిగ్రీ మొదలైంది. మరుసటి ఏడాది భారత నర్సింగ్ మండలి చట్టం వచ్చింది. శిక్షణ ప్రమాణాలను నిర్ణయించే అధికారం మండలికి, నర్సును నమోదు చేసుకునే అధికారం రాష్ట్ర మండళ్లకు దక్కాయి. ఈ విభజన ఇప్పటికీ చదువరులను తికమకపెడుతుంది. విశ్వవిద్యాలయం పట్టా ఇస్తుంది గానీ, ఆ పట్టాతోనే ఎవరూ రిజిస్టర్డ్ నర్సు కారు. రాష్ట్ర నర్సింగ్ మండలిలో పేరు నమోదై, నంబరు చేతికొచ్చిన తరువాతే వార్డులో చట్టబద్ధంగా పనిచేసే హక్కు వస్తుంది. డిప్లొమా చేసినవారికైనా డిగ్రీ చేసినవారికైనా ఈ నిబంధన ఒక్కటే.

నర్సింగ్ డిగ్రీని మిగతా డిగ్రీల నుంచి వేరుచేసేది ప్రయోగశాల కాదు, వార్డు. మండలి నిబంధనల ప్రకారం కళాశాలకు సొంత ఆసుపత్రి ఉండాలి, విద్యార్థికి రోగుల నిష్పత్తి ఒకటికి మూడు చొప్పున చూపించాలి. పిల్లలు మెడికల్, సర్జికల్, పిల్లల వార్డు, కాన్పుల గది, మానసిక వైద్యం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఇలా పోస్టింగుల మీద తిరగాలి, చేసిన ప్రతి పనినీ లాగ్‌బుక్‌లో రాసి సంతకం చేయించుకోవాలి. ఏడాదికి 60 మందిని చేర్చుకునే కళాశాలలో నాలుగు సంవత్సరాలకు కలిపి 240 మంది ఉంటారు. వారందరూ ఒకేసారి వార్డుల్లో ఉండకపోయినా, వందలాది పడకలు లేని ఊరు అలాంటి కళాశాలను మోయలేదు. భవనం ఎవరైనా కట్టగలరు. రోగులతో నిండిన మూడు వందల మంచాలను మాత్రం ఒక్క ఏడాదిలో సృష్టించలేరు.

ఈ కోణంలో చూస్తే దక్షిణ తెలంగాణ ఎందుకు వెనకబడిందో అర్థమవుతుంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా విస్తీర్ణంలో తెలంగాణలోనే పెద్దది, వలసలకు పేరుపడినది. పెద్ద జబ్బు చేస్తే హైదరాబాదుకో, గద్వాల వైపు వారైతే కర్నూలుకో పోవడమే అలవాటు. రోగులు రాజధానికి పోతే శిక్షణ కూడా అక్కడికే పోతుంది. జిల్లా కేంద్రాల పెద్ద దవాఖానలు జీఎన్ఎం స్థాయి శిక్షణకు చాలేవి గానీ, వైద్య కళాశాల లేని చోట డిగ్రీ నిలదొక్కుకోవడం కష్టం. మొదటి కదలిక ప్రైవేటు రంగంలో వచ్చింది. 1999లో నార్కట్‌పల్లిలో కామినేని వైద్య విద్యాసంస్థ, మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్ వైద్య కళాశాల ఏర్పడిన తరువాత వాటి ఆసుపత్రులను ఆసరా చేసుకుని నర్సింగ్ విద్య కూడా వేళ్లూనుకుంది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో బోధన రుసుముల చెల్లింపు పథకం మొదలై, ఫీజు భయంతో ఆగిపోయిన పిల్లలు కొందరు ఈ కళాశాలల మెట్లెక్కగలిగారు. ఆ చెల్లింపులు ఆలస్యమైనప్పుడల్లా సర్టిఫికెట్ల కోసం పిల్లలు ఎన్నిసార్లు తిరగవలసి వచ్చిందో ఈ జిల్లాల తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కర లేదు.

ప్రభుత్వ రంగంలో మార్పు రాష్ట్ర విభజన తరువాతే వచ్చింది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో, గద్వాల, నారాయణపేటల్లో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. బీబీనగర్ ఎయిమ్స్‌లో తొలి వైద్య విద్యార్థుల బృందం 2019లో చేరింది. 2016 అక్టోబరులో పాత జిల్లాలను విడగొట్టడం, ఆ తరువాత జిల్లాకొక వైద్య కళాశాల అన్న విధానం చేపట్టడం వల్ల బోధనాసుపత్రుల పడకలు కొత్త జిల్లా కేంద్రాలకు చేరాయి. నర్సింగ్ కళాశాలలకు తావు ఏర్పడింది. 2014 తరువాత కేంద్ర పథకం కింద ఏర్పడిన వైద్య కళాశాలలకు తోడుగా దేశవ్యాప్తంగా 157 నర్సింగ్ కళాశాలలు పెట్టాలని కేంద్రం 2023లో నిర్ణయించినప్పటికీ, ఆ పథకం కింద తెలంగాణకు వైద్య కళాశాల ఏదీ మంజూరు కాకపోవడంతో ఆ 157లో రాష్ట్రానికి ఒక్కటీ రాలేదు. పడకల సూత్రం ఇక్కడ మరో రూపంలో కనిపించింది: వైద్య కళాశాల ఏ ఖాతాలో వచ్చిందన్నదే నర్సింగ్ కళాశాల రాకను తేల్చింది.

ప్రవేశాల దారి కూడా మారింది. విశ్వవిద్యాలయం విషయానికొస్తే, విజయవాడలో 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం చేతిలోని ఈ చదువు, విభజన తరువాత వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఇంటర్ మార్కుల స్థానంలో ఎంసెట్ ర్యాంకు ఆధారంగా సీట్లు కేటాయించే పద్ధతి 2023లో మొదలైంది. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలతో పాటు ఆంగ్లం చదివి కనీసం 45 శాతం మార్కులు ఉండాలి, ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు మార్కుల్లో ఐదు శాతం సడలింపు ఉంది. పాఠ్యప్రణాళికను కూడా 2021లో నోటిఫై చేసిన నిబంధనలతో సెమిస్టర్ విధానంలోకి మార్చారు. తెలుగు మాధ్యమంలో పది చదివి వచ్చిన అమ్మాయికి మొదటి సెమిస్టర్‌లో అనాటమీ కంటే ఆంగ్లమే ఎక్కువ భయపెడుతుందన్నది బోధించేవారందరికీ తెలిసిన సంగతే.

చదువు దగ్గరికి వచ్చినా కొలువు విషయంలో ఒక పాత చిక్కు అలాగే ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగానికి మూడేళ్ల జీఎన్ఎం, నాలుగేళ్ల బీఎస్సీ రెండూ అర్హతలే, పోస్టూ జీతమూ ఒక్కటే. రాష్ట్ర వైద్య, ఆరోగ్య సేవల నియామక మండలి 2022 చివర 5,204 పోస్టులకు ప్రకటన ఇచ్చి, తరువాత సంఖ్య పెంచి, 2023 ఆగస్టులో పరీక్ష నిర్వహించింది. 2024 జనవరి 31న ఎంపికైన 6,956 మందికి నియామక పత్రాలు అందాయి. పరీక్షకు 80 మార్కులు, కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ సేవకు 20 మార్కులు. డిగ్రీ ఉన్నంత మాత్రాన అదనంగా ఒక్క మార్కూ కలవలేదు. సర్కారు దవాఖానలో ఏళ్ల తరబడి తక్కువ జీతానికి పనిచేసినవారికి ఆ 20 మార్కులు న్యాయమేనని నేననుకుంటాను గానీ, తాజాగా పట్టా పుచ్చుకున్న పిల్లల నిరాశను కొట్టిపారేయలేం. ప్రైవేటు ఆసుపత్రుల్లో జీతాల సంగతి వేరే. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశంపై ఏర్పడిన కమిటీ, 50 కంటే తక్కువ పడకల ఆసుపత్రుల్లో సైతం నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200కు పైగా పడకలుంటే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫార్సు చేసింది. సిఫార్సు సిఫార్సుగానే మిగిలిన ఆసుపత్రులు జిల్లా పట్టణాల్లో కొల్లలు.

అయితే డిగ్రీకి ప్రత్యేకంగా విలువ ఉన్న చోటు ఒకటుంది, అది బోధన. మండలి నిబంధనల్లో పది మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. పైన చెప్పిన 240 మంది కళాశాలకు 24 మంది కావాలి. 1947 నాటి చట్టం స్థానంలో 2023లో వచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం ప్రవేశాలకు ఏకరీతి విధానాన్ని ముందుకు తెచ్చింది గానీ, కొత్త కళాశాలలకు అధ్యాపకులు చట్టంతో పుట్టరు. బీఎస్సీ తరువాత ఏడాది అనుభవం ఉంటేనే ఎమ్మెస్సీ నర్సింగ్‌లో ప్రవేశం, ఆ చదువు మరో రెండేళ్లు. 2023లో వనపర్తి నుంచో దేవరకొండ నుంచో బీఎస్సీలో చేరిన అమ్మాయి ఎక్కడా ఆగకుండా నడిచినా ఎమ్మెస్సీ చేతపట్టుకునేది 2030లోనే. అందాకా ఈ జిల్లాల కొత్త కళాశాలలు హైదరాబాదు నుంచి వచ్చిపోయే అధ్యాపకుల మీదే చాలా వరకు ఆధారపడవలసి ఉంటుంది.