బ్యాడ్జి డెట్రాయిట్‌ది, బండి యూరప్‌ది

2008 జనవరిలో అమెరికాలో, జనరల్ మోటార్స్ బ్రాండ్లలో ఒకటైన శాటర్న్ షోరూముల్లోకి ఆస్ట్రా అనే చిన్న హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. జనరల్ మోటార్స్‌కు జర్మనీలో ఉన్న అనుబంధ సంస్థ ఓపెల్ దీన్ని రూపొందించింది. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ కర్మాగారంలో తయారై, ఓడెక్కి అట్లాంటిక్ దాటిన ఆ కారుకు ముందున్న ఓపెల్ మెరుపు గుర్తు తీసి శాటర్న్ గుర్తు పెట్టారు. అమెరికా భద్రతా నిబంధనలకూ ఉద్గారాల నిబంధనలకూ సరిపడే సర్దుబాట్లు చేశారు. అంతకుమించి పెద్దగా మార్చలేదు. ధర సుమారు 16 వేల డాలర్ల దగ్గర మొదలైంది. ఆ వేసవిలోనే అమెరికాలో గ్యాలన్ పెట్రోలు 4 డాలర్లు దాటింది. చిన్న కారుకు అంతకంటే మంచి అదను దొరకదు. అయినా ఆ ఏడాది అమ్ముడైన ఆస్ట్రాలు సుమారు 12 వేలు మాత్రమే. ఎక్కువ అమ్మి లాభపడదామన్నా దారి లేదు. 2000లో ఒక డాలరు కూడా చేయని యూరో 2008 జూలై నాటికి 1.60 డాలర్లకు చేరింది. యూరోల్లో ఖర్చు పెట్టి తయారుచేసిన బండిని డాలర్లలో చౌకగా అమ్మడం ఏ లెక్కలోనూ పొసగదు. జపాన్ చిన్న కార్లను ఎదుర్కోవడానికి 1985లో పుట్టించిన శాటర్న్ సంస్థే 2010కల్లా మూతపడింది.

ఆస్ట్రా కథను ఆ ఒక్క ఏడాది ఆర్థిక సంక్షోభానికి అంటగట్టి వదిలేయడం సులువు. కానీ యూరప్‌లో గీసిన చౌక కారును అమెరికన్ పేరుతో, అమెరికన్ డీలరు చేత అమ్మించే ప్రయత్నం అప్పటికి అరవై ఏళ్ల నాటిది. ఆ అరవై ఏళ్లలోనూ దాదాపు అన్ని కంపెనీలూ ఈ కార్లను అవసరానికి పిలిచే చుట్టాల్లాగే చూశాయి. పెట్రోలు ధర పెరిగినప్పుడు, విదేశీ కార్ల అమ్మకాలు ఎక్కువైనప్పుడు సముద్రం అవతలి నుంచి రప్పించడం, ఇంట్లో సొంత సరుకు సిద్ధం కాగానే సాగనంపడం ఆనవాయితీ అయింది.

ఫోర్డ్ 1948 నుంచే తన ఇంగ్లండ్ శాఖ కార్లను కొద్దికొద్దిగా తెప్పించి అమ్మింది. 1954లో నాష్ కంపెనీ మెట్రోపాలిటన్ అనే బుల్లి కారును తెచ్చింది. దీని వరుస తిరగబడింది: గీసింది అమెరికాలో, తయారుచేసింది బర్మింగ్‌హామ్‌లోని ఆస్టిన్. సుమారు 95 వేలు అమ్ముడైన ఆ కారు, ఇంటి పేరుతో పరాయి చోట తయారైన బండిని కొనడానికి అమెరికన్లు వెనుకాడరని చూపింది.

అసలు పోటీ 1957లో మొదలైంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఊరూరా కనబడడం చూసిన జనరల్ మోటార్స్, ఓపెల్ కార్లను తన బ్యూక్ బ్రాండ్ డీలర్ల ద్వారా, ఇంగ్లండ్‌లోని మరో అనుబంధ సంస్థ వాక్స్‌హాల్ కార్లను తన పాంటియాక్ బ్రాండ్ డీలర్ల ద్వారా అమ్మాలని నిర్ణయించింది. మరుసటి ఏడాది మరో అమెరికన్ కంపెనీ క్రైస్లర్ ఫ్రాన్స్‌లోని సిమ్కాలో వాటా కొని వాళ్ల కార్లను తెప్పించడం మొదలుపెట్టింది. 1959కి విదేశాల నుంచి వచ్చిన కార్ల అమ్మకాలు 6 లక్షలు దాటి, కొత్త కార్లలో పదింట ఒకటి దిగుమతిదయింది. ఆ ఏడాది శరత్కాలంలో మూడు పెద్ద కంపెనీలూ కోర్వెయిర్, ఫాల్కన్, వాలియంట్ అనే సొంత చిన్న కార్లను విడుదల చేశాయి. చిన్నవి అనడం అమెరికా కార్ల పరిశ్రమకు కేంద్రమైన డెట్రాయిట్ కొలతలో మాత్రమే; యూరప్‌లో అవి పెద్ద కార్ల వరుసలో నిలబడేవి. అవి రాగానే సొంత దిగుమతులపై కంపెనీల ఆసక్తి చల్లారింది. పాంటియాక్ షోరూముల నుంచి వాక్స్‌హాల్ రెండు మూడేళ్లలో కనుమరుగైంది.

ఓపెల్ మాత్రం నిలిచింది. 1964లో వచ్చిన కాడెట్‌తో పుంజుకుని, 1960ల చివరికి ఏడాదికి లక్షకు దగ్గరగా అమ్ముడైంది. అమ్మే చోటే దానికి అసలు చిక్కు తెచ్చిపెట్టింది. బ్యూక్ షోరూమ్‌కు వచ్చేవాడు సామాన్యంగా డబ్బున్న నడివయసు గృహస్థు. అమ్మేవాడికి ఒక పెద్ద బ్యూక్ మీద వచ్చే కమీషన్ ముందు కాడెట్ మీద వచ్చేది చిల్లర. షెడ్డులో పనిచేసే మెకానిక్‌కు అంగుళాల స్పానర్లు అలవాటు. మిల్లీమీటర్ల బోల్టులున్న బండి వస్తే విసుగు. ఫోక్స్‌వ్యాగన్ డీలరుకు బీటిల్ తప్ప వేరే బతుకు లేదు కనుక విడిభాగాలు, మరమ్మతు, అమ్మకం అన్నీ దాని చుట్టే అల్లుకున్నాడు. బ్యూక్ డీలరుకు ఓపెల్ మూలన పడి ఉండే అదనపు సరుకు మాత్రమే. 1968 ఫిబ్రవరిలో కార్ అండ్ డ్రైవర్ పత్రిక కాడెట్ స్టేషన్ వ్యాగన్‌ను పాత ఇనుము గుట్టల నడుమ నిలబెట్టి ఫోటోలు తీసి చెండాడితే, జనరల్ మోటార్స్ ఆ పత్రికకు ప్రకటనలు నిలిపివేసింది. ఆ పౌరుషంలో కాస్త షోరూముల్లో చూపించి ఉంటే ఓపెల్ చరిత్ర మరోలా ఉండేదేమో.

అంతలో నియమాలు మారాయి. 1966లో వాహన భద్రతా చట్టం, 1970లో గాలి కాలుష్య చట్టం, 1973 నుంచి తక్కువ వేగపు ఢీకి చెక్కుచెదరని బంపర్ల నిబంధన వచ్చాయి. యూరప్‌లో చెల్లే దీపాలు అమెరికాలో చెల్లవు. ఒక్కో మార్పుకూ అయ్యే ఖర్చు ఖరీదైన కారులో కలిసిపోతుంది. చౌక కారులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. క్రైస్లర్ ఇంగ్లండ్ నుంచి హిల్‌మన్ అవెంజర్‌ను తెచ్చి ప్లిమత్ క్రికెట్ అని పేరు పెట్టి 1971లో వదిలితే, అది రెండు మూడేళ్లకు మించి నిలవలేదు.

వీటన్నిటికంటే పెద్ద దెబ్బ డబ్బు విలువ నుంచి వచ్చింది. 1960లలో డాలరుకు 4 జర్మన్ మార్కులు వచ్చేవి. 1971 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ డాలరుకూ బంగారానికీ ఉన్న ముడిని తెంచాక ఆ లెక్క కూలడం మొదలై, 1978 చివరికి డాలరుకు 2 మార్కులు కూడా రాని స్థితి ఏర్పడింది. కారు అదే, కర్మాగారం అదే. అమెరికన్ కొనుగోలుదారుకు మాత్రం బండి ఖరీదు ఇంచుమించు రెట్టింపు. 1973 అక్టోబరులో చమురు ఆంక్షలు మొదలై జనం చిన్న కార్ల కోసం పరుగులు తీస్తున్న వేళకే ఓపెల్ చౌక కారుగా చెల్లకుండా పోయింది. 1975తో జర్మనీ నుంచి దిగుమతి ఆపేసి, బ్యూక్ డీలర్లకు ఓపెల్ పేరుతోనే జపాన్ ఇసుజు కార్లను ఇచ్చారు. దాని స్థానంలో అసలు నిలబడింది షెవర్లే షెవెట్. 1973 నాటి ఓపెల్ కాడెట్‌కు దగ్గరి బంధువైన ఆ కారును అమెరికాలోనే బిగించి, 1987 వరకు 27 లక్షలకు పైగా తయారుచేశారు. డిజైన్ దిగుమతి చేసుకోవచ్చు గానీ కారును కాదన్న పాఠం జనరల్ మోటార్స్‌కు అప్పుడు అర్థమైనట్టే కనిపించింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆస్ట్రా వేళకు ఆ పాఠం ఎవరికీ గుర్తులేదు.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పుకోవాలి. 1970 నుంచి ఫోర్డ్‌కే చెందిన లింకన్-మెర్క్యురీ డీలర్లు అమ్మిన జర్మన్ ఫోర్డ్ కాప్రి దాదాపు ఎనిమిదేళ్లలో 5 లక్షలకు పైగా పోయింది. అది అవసరం కోసం కొనే చౌక కారు కాదు, కుర్రకారు సరదాగా కొనుక్కున్న రెండు తలుపుల కూపే. దానికి సాటి వచ్చే చిన్న కారు ఆ డీలర్ల దగ్గర వేరే లేకపోవడం మరో కారణం.

ఈ చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఫియస్టా కథ. 1976లో యూరప్‌లో విడుదలైన ఫియస్టా, ముందు చక్రాలతో నడిచే తేలికైన కారు. 1978 మోడల్‌గా ఫోర్డ్ దాన్ని జర్మనీ నుంచి 1.6 లీటర్ల ఇంజనుతో అమెరికాకు తెచ్చింది. విమర్శకులు మెచ్చుకున్నారు, జనం కొన్నారు. ఆ తేదీ యాదృచ్ఛికం కాదు. 1975 డిసెంబరులో వచ్చిన ఇంధన చట్టం ప్రకారం ప్రతి కంపెనీ తాను అమ్మే కార్ల సగటు మైలేజీని 1978లో గ్యాలన్‌కు 18 మైళ్ల నుంచి 1985 నాటికి 27.5 మైళ్లకు, అంటే లీటరుకు సుమారు 11.7 కిలోమీటర్లకు చేర్చాలి. ఒక ఫియస్టా అమ్మితే తాగుబోతు లాంటి పెద్ద కారొకటి సగటులో ఇమిడిపోతుందని ఎవరికైనా తోస్తుంది. ఆ ఉపాయాన్ని ముందే ఊహించిన చట్టం దేశీయ కార్లను ఒక లెక్కగా, దిగుమతులను మరో లెక్కగా విడదీసింది. విలువలో 75 శాతం అమెరికాదో కెనడాదో అయి ఉంటేనే దేశీయ లెక్కలోకి వస్తుంది. డెట్రాయిట్ చిన్న కార్లను పరాయి దేశాల్లో చేయించుకుని అమెరికాలోని ప్లాంట్లను ఎండగడుతుందన్న ఆటో కార్మిక సంఘం భయం ఈ నిబంధన వెనుక ఉంది. తొలి రెండేళ్లు కొంత వెసులుబాటు ఇచ్చి, 1980 మోడల్ నుంచి లెక్కలను పూర్తిగా వేరుచేశారు. ఫియస్టా దిగుమతి 1980తో ఆగిపోయింది. మార్కు విలువ ఎంత పిండిందో ఈ చట్టం అంతే పిండింది.

దాని స్థానంలో వచ్చిన ఎస్కార్ట్‌ను ఫోర్డ్ ప్రపంచ కారు అని చాటింది. 1980 శరత్కాలంలో యూరప్, అమెరికా రెండుచోట్లా ఒకే పేరుతో విడుదలైన ఈ కారును ఉమ్మడిగా రూపొందించాలనే మొదలుపెట్టారు. రెండు బృందాలూ ఎవరి కొలతలు, ఎవరి సరఫరాదారులు, ఎవరి ఇష్టాలు వాళ్లు పట్టుకు కూర్చోవడంతో చివరికి ఉమ్మడిగా మిగిలినవి అతి కొద్ది భాగాలు. రెండిటికీ కలిసింది నీటి పంపు సీలు ఒక్కటేనన్న మాట పరిశ్రమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. క్రైస్లర్ హొరైజన్ కూడా ఈ బాపతే. సిమ్కా వాళ్లు ఫ్రాన్స్‌లో చేసిన దానికీ, ఇల్లినాయ్ బెల్విడియర్‌లో చేసిన దానికీ ఆకారం ఒకటే అయినా ఇంజన్లు వేరు, సస్పెన్షన్ వేరు.

యూరప్ కారును దాదాపు యథాతథంగా తెచ్చి అమెరికాలోనే తయారుచేసిన సాహసం అమెరికన్ మోటార్స్‌ది. ఫ్రెంచి కంపెనీ రెనో ఆ సంస్థలో వాటాలు కొని, తన రెనో 9ను అలయన్స్ అనే పేరుతో విస్కాన్సిన్ కెనోషాలో 1983 మోడల్‌గా తయారుచేయించింది. 5,595 డాలర్ల ప్రారంభ ధర, మోటార్ ట్రెండ్ పత్రిక ఏటా ఇచ్చే ఉత్తమ కారు పురస్కారం, మొదటి రెండేళ్ల జోరు చూసి సూత్రం దొరికిందనుకున్నారు. తర్వాత నాణ్యతపై ఫిర్యాదులు పెరిగాయి, 1986లో చమురు ధరలు పడిపోయాయి. నష్టాల్లో మునిగిన రెనో అధిపతి జార్జ్ బెస్ ఆ ఏడాది నవంబరులో తీవ్రవాదుల తూటాలకు బలయ్యాడు. 1987లో రెనో తన అమెరికన్ మోటార్స్ వాటాను క్రైస్లర్‌కు అమ్మేసింది.

తెలుగు పాఠకులకు ఈ జాబితా విచిత్రంగా తోచవచ్చు. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మన దగ్గర అంబాసిడర్‌గా 2014 వరకు నడిచింది. ఇటలీ ఫియట్ 1100 పద్మినిగా దశాబ్దాలు బతికింది. ఇక్కడ కొనేవాడికి చాలాకాలం వేరే దిక్కు ఉండేది కాదు. అమెరికాలో పక్క వీధిలోనే టొయోటా, హోండా షోరూములున్నాయి.

1990లలో ఫోర్డ్ సుమారు 600 కోట్ల డాలర్లు వెచ్చించి మోండియోను తయారుచేసి, కొంటూర్ పేరుతో అమెరికాకు తెచ్చింది. వెనుక సీటు ఇరుకు, ధర పక్కనే ఉన్న పెద్ద టారస్‌కు దగ్గర. 2000 మోడల్‌గా వచ్చిన ఫోకస్ నిజంగా మంచి కారు. అట్లాంటిక్ రెండు వైపులా ఉత్తమ కారు పురస్కారాలు గెలిచింది. 2004లో యూరప్‌కు కొత్త ఫోకస్ ఇచ్చి, అమెరికన్లకు మాత్రం ఖర్చు మిగులుతుందని పాతదాన్నే మరో ఏడేళ్లు అంటగట్టారు. 2010లో ఫియస్టాను మెక్సికో నుంచి, తర్వాత కొత్త ఫోకస్‌ను మిషిగన్ నుంచి తెచ్చి సయోధ్య కుదిర్చారు గానీ, రెండిటికీ అమర్చిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఇబ్బందులు కోర్టు మెట్లెక్కాయి. ఆల్ఫా రోమియో జులియెట్టా పునాదిపై ఫియట్-క్రైస్లర్ చేసిన డాడ్జ్ డార్ట్ 2013 మోడల్‌గా వచ్చి 2016లో ఆగిపోయింది. 2017లో జనరల్ మోటార్స్ ఓపెల్‌నే ఫ్రెంచి కార్ల కంపెనీ పీఎస్ఏకు అమ్మేసింది.

2018 ఏప్రిల్‌లో ఫోర్డ్ ముస్టాంగ్, ఫోకస్ యాక్టివ్ తప్ప మిగతా కార్లన్నిటినీ (ఎత్తు బండ్లైన ఎస్‌యూవీలు ఈ లెక్కలోకి రావు) అమెరికాలో ఆపేస్తున్నట్టు ప్రకటించింది. చైనా నుంచి తేవాలనుకున్న ఆ ఫోకస్‌ను కూడా 25 శాతం అదనపు సుంకం కారణంగా కొన్ని నెలలకే విరమించుకుంది. అప్పటికి అమెరికన్ ఫోర్డ్ షోరూముల్లో చౌకైన ఎత్తు బండి ఎకోస్పోర్ట్. బ్రెజిల్‌లో రూపుదిద్దుకున్నా ఫియస్టా పునాదిపైనే నిలబడిన ఆ బండి, చెన్నై శివార్లలోని మరైమలై నగర్ ప్లాంటు నుంచి ఓడల్లో అమెరికాకు వెళ్లేది. 2021 సెప్టెంబరులో భారత్‌లో తయారీకి స్వస్తి చెబుతున్నట్టు ఫోర్డ్ ప్రకటించడంతో ఆ ఎగుమతీ ఆగిపోయింది.