పెయింటు పాలు ఆగకుండా పారాలంటే

ఎమల్షన్ పెయింటులో రంగుపొడిని గోడకు పట్టి ఉంచేది పాలలా తెల్లగా ఉండే ఒక ద్రవం. నీటిలో చెదిరి ఉన్న పాలిమర్ (చిన్న అణువులు గొలుసులా కలిసిన పదార్థం) కణాల వల్లే దానికా తెలుపు. ఒక్కో కణం సుమారు 100 నుంచి 200 నానోమీటర్లు. నీరు ఆరేకొద్దీ కణాలు ఒకదాన్నొకటి ఒత్తుకుని, కలిసిపోయి, పొర కడతాయి.

దీన్ని ఇప్పటికీ ఎక్కువగా బ్యాచ్‌ల లెక్కనే, అంటే విడతలు విడతలుగా, తయారుచేస్తున్నారు. పెద్ద రియాక్టర్‌లో నీళ్లు, సబ్బులాంటి సర్ఫాక్టెంట్, చర్యను మొదలుపెట్టే పర్సల్ఫేట్ వేసి, 80 డిగ్రీల దగ్గర ఉంచి, స్టైరీన్, బ్యూటైల్ ఆక్రిలేట్ లాంటి మోనోమర్లను (పాలిమర్ గొలుసుగా కలిసే ఆ చిన్న అణువులను) గంటల తరబడి కొద్దికొద్దిగా వదులుతారు. అంత నిదానం ఎందుకంటే వేడికి భయపడి. సగం పాలిమర్, సగం నీరు ఉన్న ఒక కిలో ద్రవం తయారైతే, అందులోది బ్యూటైల్ ఆక్రిలేటే అనుకుంటే, సుమారు 300 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. దాన్ని బయటికి లాగకపోతే ఉష్ణోగ్రత ఇంకో 100 డిగ్రీలు ఎగబాకుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి రెట్లు పెంచితే లోపలి సరుకు 1000 రెట్లవుతుంది, చల్లబరిచే గోడ మాత్రం 100 రెట్లే. గిన్నెలో కుప్పగా ఉన్న అన్నం కంటే పళ్లెంలో పరిచిన అన్నం త్వరగా చల్లారేది ఇందుకే. సన్నని గొట్టంలో పారిస్తే ఈ చిక్కు చాలావరకు తీరిపోతుంది.

ఆగకుండా పారించడం కొత్త ఆలోచనేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే అమెరికాలో స్టైరీన్-బ్యూటాడయీన్ రబ్బరును వరుస ట్యాంకుల గుండా పారించి తయారుచేశారు. కానీ ఒక్క ట్యాంకే పెడితే కష్టం. సరుకు సగటున గంటసేపు ఉండేలా నడిపినా, పదోవంతు దాకా ఆరు నిమిషాల్లోపే బయటపడుతుంది, ఇరవయ్యోవంతు మూడు గంటలు దాటినా లోపలే తిరుగుతుంటుంది. అందుకే కణాలన్నీ ఒకే సైజులో రావు.

అంతకన్నా విచిత్రమైనది వినైల్ అసిటేట్ అనే మరో మోనోమర్ ప్రవర్తన. ముందు పుట్టిన కణాలు పెరుగుతూ సర్ఫాక్టెంటంతా తమ చుట్టూ లాక్కుంటాయి. ఇక కొత్తవి పుట్టవు. పాతవి మెల్లగా బయటికి కొట్టుకుపోయాక, మళ్లీ మిగిలిన సర్ఫాక్టెంట్‌తో కొత్త కణాలు ఒక్కసారిగా గుంపుగా పుడతాయి. లోపలికి వెళ్లే పంపు ఏ మార్పూ లేకుండా నడుస్తున్నా బయటికొచ్చే సరుకు మాత్రం ఎగుడుదిగుడుగా ఊగుతూనే ఉంటుంది! దీనికి విరుగుడు కూడా చక్కనిదే: కణాలు పుట్టే పనిని ముందున్న చిన్న గొట్టానికి అప్పగించి, పెరిగే పనిని ట్యాంకుకు వదిలేయడం. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన ఉపాయం ఇదే.

గొట్టానికీ తన చిక్కులున్నాయి. నిదానంగా పారేటప్పుడు మధ్యలోని ద్రవం సగటుకు రెట్టింపు వేగంతో దూసుకుపోతుంది, గోడ పక్కది దాదాపు కదలదు. కదలని చోట పాలిమర్ అంటుకుని, పేరుకుని, చివరికి గొట్టం మూసుకుపోతుంది. ఐఐటీ ఢిల్లీలో సక్సేనా, నిగమ్ 1984లో ప్రచురించిన పని ఇక్కడ అక్కరకొస్తుంది. చుట్టలుగా చుట్టిన గొట్టాన్ని మధ్యమధ్యలో 90 డిగ్రీలు వంచితే ప్రవాహం తిరగబడి, గోడ దగ్గరిది లోపలికి, లోపలిది గోడ దగ్గరికి వస్తుంది. అన్ని చుక్కలూ ఇంచుమించు ఒకే సమయానికి బయటపడతాయి.

ఇంత చేసినా బ్యాచ్ రియాక్టర్లు పోవు. గ్రేడు, అంటే సరుకు రకం, మారిన ప్రతిసారీ గొట్టంలో పాతదీ కొత్తదీ కలిసిన సరుకు కొంత పక్కన పెట్టాలి. ఒకే గ్రేడును నెలల తరబడి నడిపేవాళ్లకు అది లెక్కలోకి రాదు. వారంలో నాలుగు గ్రేడులు చేయాల్సినవాళ్లకు లాభమంతా అక్కడే పోతుంది.